లాంగ్ జూమ్ కెమెరా ఫోటో మసకగా వస్తోందా? లోపం లెన్సుదో, గాలిదో, చేతిదో తేల్చుకునే పద్ధతి

2015లో వచ్చిన నికాన్ పి900 ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు కెమెరా) లెక్కలో 24 నుంచి 2000 మి.మీ. వరకు, 2018లో వచ్చిన పి1000 ఏకంగా 3000 మి.మీ. వరకు జూమ్ చేస్తాయి. లక్షలు పెట్టి పెద్ద లెన్సులు కొనలేని ఔత్సాహికులకు ఇవి నిజంగా మేలు చేశాయి. తిరుపతి చుట్టుపక్కల ఇలాంటి కెమెరాకు పనికి కొదవ లేదు: శేషాచలం కొండల రాతి అంచులు, నేలపట్టులో చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులు, పులికాట్ సరస్సులో దూరంగా నిలబడే ఫ్లెమింగోలు, శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లు. అయితే కెమెరా చేతికొచ్చిన కొద్ది రోజులకే "పూర్తి జూమ్‌లో ఏదీ స్పష్టంగా లేదు" అన్న నిరాశ చాలామందిని పట్టుకుంటుంది. ఆ నిరాశలో పెద్ద భాగం కెమెరాకు చెందినది కాదని నా గట్టి అభిప్రాయం. కెమెరాను ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చివేయాలా అని నిర్ణయించే ముందు గాలి వల్ల, చేతి వల్ల, సెట్టింగుల వల్ల కలిగిన నష్టాన్ని ఒక్కొక్కటిగా వేరుచేసి చూడాలి.

సమస్య: దూరపు దృశ్యం పాలిపోయి, అంచులు అలల్లా కదులుతున్నట్టు ఉంది

అలిపిరి వైపు మేడమీద నిలబడి మే నెల మధ్యాహ్నం కొండ అంచును పూర్తి జూమ్‌లో తీస్తే తప్పకుండా ఇలాగే వస్తుంది. ఎండకు కాగిన రాయి, తారు రోడ్డు, డాబాల మీది నుంచి లేచే వేడిగాలి, దాని పక్కనున్న చల్లని గాలి కాంతిని వేర్వేరుగా వంచుతాయి. దానికి తోడు దుమ్ము, ఆవిరి కలిసి రంగులను తెల్లబరుస్తాయి. 2000 మి.మీ. వద్ద కెమెరా చూసేది ఒక మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 1.2 డిగ్రీల కోణం మాత్రమే కాబట్టి, మామూలు లెన్సులో కనిపించని ఈ చిన్న వంపులు ఇక్కడ పెద్దవై కనిపిస్తాయి. ఎంత ఖరీదైన లెన్సుకైనా ఈ గతి తప్పదు.

నిర్ధారణకు రెండు మార్గాలున్నాయి. ఉదయం పూట నీడలో ఉన్న గోడకు ఒక దినపత్రిక అంటించి, ముప్పై అడుగుల దూరం నుంచి ట్రైపాడ్ మీద పూర్తి జూమ్‌లో తీయండి. చిన్న అక్షరాలు కూడా చదవగలిగేలా వస్తే లెన్సుకు లోపం లేదన్నమాట. రెండవది, నాకు మరింత నమ్మకమైనది, నడినెత్తికి దగ్గరగా వచ్చిన సగం చందమామ. నిట్టనిలువుగా చూసినప్పుడు మధ్యలో అడ్డుపడే గాలి పొర అతి పలుచనగా ఉంటుంది. వెలుగు నీడలు కలిసే గీత పొడవునా గుంతల అంచులు పదునుగా వస్తే, పగటిపూట కొండ మసకబారడానికి కారణం గాలే. ఆటోలో వదిలేస్తే నల్లని ఆకాశాన్ని చూసి కెమెరా చందమామను తెల్లగా మాడ్చేస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగు మోతాదును) తగ్గించడం మరవకూడదు.

కారణం గాలి అని తేలాక పరిష్కారం సమయంలో, దూరంలో ఉంటుంది. సూర్యోదయమైన తొలి గంటలోనో, వాన వెలిసిన మరుసటి ఉదయమో వెళ్లాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ అంచున ఫ్లెమింగోలను తీసేవారికి ఈ నియమం మరీ ముఖ్యం, ఎందుకంటే పొద్దెక్కాక బురదమీద, నీటిమీద గాలి వణుకు విపరీతంగా పెరుగుతుంది. స్క్రీన్‌లో దృశ్యాన్ని పెద్దదిగా చేసి చూసినప్పుడు పక్షి కాళ్లు అలల్లా కదులుతుంటే జూమ్ పెంచి ప్రయోజనం లేదు, పక్షిని బెదరగొట్టకుండా వీలైనంత దగ్గరకు చేరడమే మార్గం.

సమస్య: దగ్గరి దినపత్రిక కూడా మసకగానే వచ్చింది

ముందుగా లెన్సు ముందు రక్షణ కోసం బిగించిన యూవీ ఫిల్టర్ అద్దాన్ని తీసి మళ్లీ తీయండి. చవక ఫిల్టర్ చేసే నష్టం వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, కనిపించకపోవచ్చు గాని, పూర్తి జూమ్‌లో బయటపడుతుంది. తరువాత మెనూలో డిజిటల్ జూమ్ ఆపి ఉందో లేదో చూడండి. అది పని చేస్తున్నప్పుడు కెమెరా కొత్త వివరాన్ని ఏదీ చూడదు, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. దుకాణంలో చూపించిన భారీ జూమ్ చాలాసార్లు ఇదే.

మూడవ కారణం పెద్ద కెమెరాల అలవాటు నుంచి వస్తుంది. స్పష్టత కోసం అపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్ 8కి మూసేవారు చిన్న సెన్సార్ (వెలుగును పట్టే చిప్) మీద దానికి విరుద్ధమైన ఫలితం పొందుతారు. ఎఫ్ 8 వద్ద ఒక కాంతి బిందువు సెన్సార్ మీద దాదాపు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) చుక్కగా పరచుకుంటుంది, 1/2.3 అంగుళాల 16 మెగాపిక్సెల్ సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.3 మైక్రాన్లే. అందుచేత పి900లో పూర్తి జూమ్ వద్ద దొరికే ఎఫ్ 6.5 దగ్గరే అపర్చర్‌ను ఉంచాలి. పి1000లో పూర్తి జూమ్ వద్ద గరిష్ఠ అపర్చరే ఎఫ్ 8 కాబట్టి, 3000 అనే అంకెను చూసి మాత్రమే దాన్ని కొనడం నేను సమర్థించను.

సమస్య: ఒక ఫోటో బాగుంది, తరువాతిది చెదిరింది

ఫలితం ఇలా మారుతుంటే కారణం చేయే. 2000 మి.మీ. వద్ద నాడి కొట్టుకోవడం కూడా ఫోటోలో కనబడుతుంది. కదలని వస్తువునే సెకనులో 1000వ వంతు, 250వ వంతు, 60వ వంతు షట్టర్ వేగాలతో పదేసి ఫోటోలు తీసి, ఏ వేగం దగ్గర మీ విజయాలు తగ్గిపోతున్నాయో గుర్తించి, ఆ పై వేగాన్నే మీ కనీస వేగంగా పెట్టుకోండి. మోచేతులు ఛాతీకి ఆనించి, స్క్రీన్ బదులు వ్యూఫైండర్ వాడితే తేడా వెంటనే తెలుస్తుంది. ట్రైపాడ్ మీద బిగించినప్పుడు స్టెబిలైజేషన్‌ను (చేతి వణుకును సరిచేసే ఏర్పాటును) ఆపి, రెండు సెకన్ల టైమర్ వాడాలి. ముందుకు సాగిన లెన్సు గొట్టానికి గాలి తగిలి కెమెరా ఊగుతుంది గనుక, తేలికపాటి ట్రైపాడ్ కాళ్లను పూర్తిగా పొడవు చేయకపోవడం మంచిది.

సమస్య: చెట్ల నీడలో ఫోటో గరుకుగా, రంగులు నీళ్లు పోసినట్టుగా ఉన్నాయి

తలకోన అడవిలోకి అడుగుపెట్టగానే ఈ ఫిర్యాదు మొదలవుతుంది. వైడ్‌లో ఎఫ్ 2.8గా ఉన్న లెన్సు పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.5కు చేరేసరికి సెన్సార్‌కు అందే వెలుగు ఐదో వంతుకన్నా తగ్గిపోతుంది. దాన్ని భర్తీ చేయడానికి కెమెరా ఐఎస్ఓను (వెలుగుకు స్పందించే స్థాయిని) పెంచి, ఆ గరుకును తుడిచే ప్రయత్నంలో ఈకల గీతలను కూడా తుడిచివేస్తుంది. ఆటో ఐఎస్ఓకు 800 వద్ద హద్దు పెట్టండి, జూమ్ కొంత వెనక్కి తగ్గించండి, రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫోటో సమాచారం) సౌకర్యం ఉంటే వాడండి. పి900లో ఆ సౌకర్యం లేదు. అదే కుటుంబంలోని పి950లో, పి1000లో ఉంది.

ఇంతకు మించి కావాలంటే పెద్ద సెన్సార్ తప్ప దారి లేదు. సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్‌లోని ఒక అంగుళం సెన్సార్ విస్తీర్ణం 1/2.3 అంగుళాల దానికి దాదాపు నాలుగు రెట్లు, 600 మి.మీ. వద్ద కూడా ఎఫ్ 4 దొరుకుతుంది. కాని ఆ ఫోటోను 2000 మి.మీ. దృశ్యానికి సమానంగా కత్తిరిస్తే 20 మెగాపిక్సెళ్లలో రెండుకన్నా తక్కువే మిగులుతాయి. కాబట్టి ఎండలో, దూరపు గట్టుమీది పక్షుల కోసమైతే చిన్న సెన్సార్ పెద్ద జూమ్‌నూ, అడవి నీడ కోసం, ఎగిరే పక్షుల కోసమైతే పెద్ద సెన్సార్ చిన్న జూమ్‌నూ ఎంచుకోమని చెబుతాను.

సమస్య: ఫోకస్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ కుదరడం లేదు

పక్షి మరీ దగ్గరగా ఉందేమో చూడండి: పూర్తి జూమ్‌లో పి1000 సుమారు 7 మీటర్లకన్నా దగ్గరి వస్తువును పట్టుకోలేదు. దూరం సరిపోయినా కుదరకపోతే, ముందున్న కొమ్మ ఫోకస్‌ను లాక్కుంటున్నట్టే; ఫోకస్ చతురస్రాన్ని అతి చిన్నదిగా చేసి పక్షి మెడమీద ఉంచండి. రాత్రి రాకెట్ ప్రయోగం తీసేవారు ముందుగానే దూరపు దీపం మీద ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కు మార్చి ఉంచాలి.

ఏడు ఫోటోల తరువాత కెమెరా ఆగిపోవడం లోపం కాదు, పి900, పి1000ల వరుస ఫోటోల హద్దే అంత. గోపురం అంచున ఆకాశానికి ఆని కనిపించే ఊదారంగు గీత లెన్సు స్వభావం, జూమ్ కొంచెం తగ్గిస్తే తగ్గుతుంది. ఏసీ గది నుంచి నేలపట్టు తేమలోకి తెచ్చినప్పుడు పట్టే మంచు, సంచి మూసి ఉంచి అరగంట ఆగితే పోతుంది.

తిరిగి ఇచ్చివేయవలసిన లోపాలు

నిజమైన లోపాలు రెండు. దినపత్రిక పూర్తిగా నిండిన ఫోటోలో ఒక పక్క పదునుగా, మరో పక్క మసకగా ఉంటే, కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక ఫ్రేములో అదే పక్కన ఉంటే లెన్సు అద్దం ఒరిగినట్టు. కాగితం మీద మొదట మసకబారిన భాగమే మళ్లీ మసకబారితే మీరు గోడకు సూటిగా నిలబడలేదన్నమాట. రెండవది, జూమ్ ముందుకూ వెనక్కూ సాగేటప్పుడు గాలితోపాటు లోపలికి చేరే దుమ్ము. వాడిన కెమెరా కొనేవారు తెల్లని గోడను వైడ్‌లో, ఎఫ్ 8 వద్ద తీసి, మచ్చలున్నాయేమో పెద్దదిగా చేసి చూడాలి. ఈ కెమెరాల్లో లెన్సు ఊడదు గనుక ఆ మచ్చను మనం తుడవలేము; శుభ్రం చేయించడానికయ్యే ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి, అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ కెమెరాను వదిలివేయాలి.