వాన నీరు మీ నేలలోకి దిగుతోందా, మీ మట్టినే పట్టుకుపోతోందా? చూసుకునే తీరు, చేయాల్సిన పనులు

ఈసారి గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఓ పది నిమిషాలు బయటికెళ్లి, మీ చేలోంచో పెరట్లోంచో బయటికి పారే నీటి రంగు చూడండి. తేటగా ఉంటే పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. చిక్కగా, మట్టి రంగులో పారుతుంటే మాత్రం పోతున్నది నీరొక్కటే కాదు, పైమట్టి కూడా. ఆ నీటిని ఓ గాజు సీసాలో పట్టి కదపకుండా పక్కన పెట్టండి, మర్నాటికి అడుగున ఎంత మందాన మట్టి పేరుకుందో చూస్తే సంగతి మీకే తెలిసిపోతుంది.

నీటిని ఆదా చేయడం ఒక పని, మట్టిని కాపాడడం ఇంకో పని అన్నట్టు మాట్లాడుతుంటాం గానీ, నిజానికి రెండూ ఒకటే. నేలలోకి దిగని నీరు పైన పరిగెడుతుంది, పరిగెత్తే నీరు మట్టిని కోసుకుపోతుంది, మట్టి పోయాక మిగిలేది గట్టి నేల కాబట్టి వచ్చే వానకి అది ఇంకా తక్కువ తాగుతుంది. ఈ వరసని ఎక్కడో ఒక చోట తెంపాలి. అందుకు అన్నిటికంటే చవకైన చోటు నేల పైపొర. గుంతలూ రాతికట్టలూ దాని తర్వాతే అని నా అభిప్రాయం, చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు.

ముందు కొంచెం లోపలి సంగతి

మంచి పైమట్టిలో గట్టి పదార్థం దాదాపు సగమే, మిగతా సగం ఖాళీలు. పెద్ద ఖాళీల్లోంచి నీరు బరువుకి కిందికి జారిపోతుంది, ఆ చోటులోకి గాలి వస్తుంది. సన్న ఖాళీల్లో నీరు రేణువులకి అంటుకుని నిలుస్తుంది, వేళ్లు తాగేది దాన్నే. వాన వెలిశాక రెండు మూడు రోజులకి పెద్ద ఖాళీలు వట్టిపోయి సన్నవి నిండుగా ఉంటాయి చూడండి, రైతులు పదును అనేది సుమారుగా ఆ స్థితినే. రెండు రకాల ఖాళీలూ ఉండాలి. అన్నీ పెద్దవే అయితే నీరు నిలవదు, అన్నీ సన్నవే అయితే నీరు దిగదు, వేళ్లకి గాలీ ఆడదు.

ఖాళీల సైజు మట్టి రేణువుల సైజుని బట్టి ఉంటుంది. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా, ఒండ్రు 0.05 నుంచి 0.002 దాకా, అంతకంటే సన్నదంతా బంక. మీటరు లోతు ఇసుక నేల మొక్కకి అందేలా 25 నుంచి 100 మి.మీ. నీటిని పట్టి ఉంచితే, గరప నేల (ఇసుక, ఒండ్రు, బంక కలిసిన నేల) 100 నుంచి 175, బంకనేల 175 నుంచి 250 పట్టి ఉంచుతుంది. బంకే గెలిచినట్టు అనిపిస్తుంది గానీ దానికి తాగే వేగం లేదు. బాగా తడిశాక బంకనేలలోకి గంటకి 1 నుంచి 5 మి.మీ. మించి దిగదు, గరప నేలలో 10 నుంచి 20, ఇసుకలో 30 పైన దిగుతుంది. ఇంకో తిరకాసు ఏంటంటే, సన్న ఖాళీలు నీటిని ఎంత బిగించి పట్టుకుంటాయంటే, బంకమట్టి చేతికి తేమగా తగులుతున్నా మొక్క వాడిపోవచ్చు.

ఇక్కడే కుండీల వాళ్లకి ఓ మాట. అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందని అందరూ పోస్తారు. జరిగేది దానికి వ్యతిరేకం. సన్న ఖాళీలున్న మట్టి తనలోని నీటిని పెద్ద ఖాళీలున్న రాళ్ల పొరకి అంత తేలిగ్గా వదలదు, పూర్తిగా నానిపోయాకే వదులుతుంది. అంటే రాళ్లు పోసినందువల్ల తడి బురద పొర వేళ్లకి ఇంకా దగ్గరగా పైకి జరుగుతుంది. అడుగున చిల్లు ఉంటే చాలు, రాళ్లు వద్దు. చేలో నాగలి అడుగున పడే గట్టిపొర మీద నీరు నిలిచిపోవడానికి కారణం వేరు గానీ, పొరలు మారే చోట నీటి నడక మారుతుందన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

మీ మట్టి సంగతి తేల్చుకోండి

సీసా పరీక్ష చాలామందికి తెలిసే ఉంటుంది. సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి బాగా గిలక్కొట్టి పెట్టాలి. నిమిషంలో ఇసుక దిగిపోతుంది, కొన్ని గంటల్లో ఒండ్రు దిగుతుంది, బంక దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. పొరల మందం కొలిస్తే ఏది ఎంతుందో తెలుస్తుంది.

దానికంటే నాకు పెళ్ల పరీక్ష ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మట్టి ఏ రకమో కాకుండా దాన్ని మనం ఎలా చూసుకున్నామో అది చెప్తుంది. బాగా ఎండిన, గోళీకాయంత మట్టిపెళ్లని గ్లాసులో పట్టిన వాన నీటిలోకి మెల్లగా వదలండి. కలపొద్దు, కదపొద్దు. పెళ్ల అలాగే గట్టిగా నిలిస్తే మట్టి కట్టుబాటు బాగుంది. అయిదు నిమిషాల్లో పొడిపొడిగా రాలి కుప్పగా కూలితే అందులో సేంద్రియ పదార్థం తక్కువని, వానకి పైపొర ఇలాగే కూలుతుందని అర్థం. అలా కాకుండా పెళ్ల చుట్టూ పాలు విరజిమ్మినట్టు తెల్లటి మబ్బు కమ్ముకుని గంటలు గడిచినా తేరుకోకపోతే అది వేరే జబ్బు. మట్టిలో సోడియం ఎక్కువైతే బంక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోలేక విడిపోతాయి. అలాంటి చౌడుకి జిప్సం పనిచేస్తుంది, మోతాదు మాత్రం మట్టి పరీక్ష చేయించుకునే వేయాలి. పొడిగా రాలే మట్టికి జిప్సం పోస్తే ప్రయోజనం పెద్దగా ఉండదు, దానికి కావలసింది ఎరువూ ఆకూ అలమూ.

మూడోది, నీరు ఎంత వేగంగా దిగుతుందో చూడడం. రెండువైపులా తెరిచిన, 15 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు డబ్బాని మూడు అంగుళాల లోతు దిగేదాకా నేలలోకి కొట్టండి. లోపల ఓ ప్లాస్టిక్ కాగితం పరిచి 450 మి.లీ. నీరు పోసి కాగితాన్ని నెమ్మదిగా లాగేయండి, అలా అయితే నీటి ధార మట్టిని చెదరగొట్టదు. అది దాదాపు 25 మి.మీ. వానతో సమానం. ఎంతసేపట్లో ఇంకిందో రాసుకుని, వెంటనే మళ్లీ అంతే పోయండి. మొదటిసారి ఎండు నేల ఆబగా తాగేస్తుంది, అందుకని రెండోసారి వచ్చిన లెక్కనే నమ్మండి. ఇదే పరీక్షని ఎవరూ తొక్కని, దున్నని చోట, అంటే కంచె వారనో చెట్టు కిందో కూడా చేయండి. మట్టి అదే, వాన అదే, రెండు చోట్లా టైములో ఎంత తేడా ఉందో ఆ తేడా మన చేతుల వల్ల వచ్చింది. మీ నేల ఎంతవరకు బాగుపడగలదో ఆ కంచె వార చోటే చెప్తుంది.

ఓ చిన్న లెక్క కూడా వేసుకోండి. ఒక మి.మీ. వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు, ఎకరానికి 4,000 లీటర్ల పైన. గంటలో 50 మి.మీ. కురిస్తే ఎకరం మీద 2 లక్షల లీటర్లు. నేల అందులో 10 మి.మీ. మాత్రమే తాగితే లక్షా అరవై వేల లీటర్లు పైనే పరిగెడతాయి. నీటికి కరువు లేదు, దిగడానికి దారి లేదు, అంతే.

పైపొరని కప్పండి

పెద్ద చినుకు నేలని తాకేటప్పటికి సెకనుకి 9 మీటర్ల వేగం దాకా ఉంటుంది, అంటే గంటకి 30 కిలోమీటర్ల పైన. ఆ దెబ్బకి బట్టబయలు నేల మీది మట్టి ముద్దలు పగిలి, సన్న రేణువులు ఎగిరిపడి, పక్కనున్న ఖాళీల్లో ఇరుక్కుని వాటిని మూసేస్తాయి. ఇంటి గోడ అడుగున రెండడుగుల ఎత్తు దాకా మట్టి చుక్కలు కనిపిస్తాయే, అవన్నీ చినుకు ఎగరగొట్టినవే. వాన వెలిసి ఎండ కాశాక పైన సన్నటి పొర అట్టకట్టి, చిల్లపెంకుల్లా లేస్తుంది. ఆ పొర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది గానీ కింద ఎంత గుల్ల నేల ఉన్నా నీటిని దిగనివ్వదు, మొలకని పైకి రానివ్వదు.

కాబట్టి చినుకు నేరుగా మట్టిని కొట్టకూడదు. ఎండుగడ్డి, రాలిన ఆకు, కోత తర్వాత మిగిలిన మోళ్లు, ఏది దొరికితే అది పరవండి. మొక్కల మధ్య రెండు మూడు అంగుళాల మందం చాలు, చెట్టు మొదలుకి ఆనించకుండా జానెడు ఖాళీ వదలండి, లేకపోతే బెరడు కుళ్లుతుంది. పంట కోశాక చెత్తంతా తగలబెట్టడం అంటే కప్పుకునే దుప్పటిని చేతులారా కాల్చుకోవడమే. పరవడానికి సరిపడా గడ్డి లేకపోతే బతికున్న కప్పు వేసుకోండి, ఖాళీ నెలల్లో జనుమో జీలుగో అలసందో చల్లితే ఆకు చినుకుని ఆపుతుంది, వేళ్లు నేలని గుల్ల చేస్తాయి, తర్వాత అదే పచ్చిరొట్ట ఎరువు అవుతుంది.

సేంద్రియ పదార్థం గురించి ఒకటి చెప్పాలి. ఒక్క శాతం పెంచితే ఎకరం నేల లక్షల లీటర్లు అదనంగా దాచుకుంటుందని తెగ ప్రచారం చేస్తుంటారు. నీరు పట్టుకునే శక్తి పెరిగే మాట నిజమే, ఇసుక నేలల్లో కొంచెం ఎక్కువే పెరుగుతుంది, కానీ ఆ ప్రచారంలో చెప్పినంత కాదు. అసలు లాభం వేరే ఉంది. ఆకు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు, బూజు దారాలు కలిసి వదిలే జిగురు మట్టి రేణువుల్ని చిన్న చిన్న ఉండలుగా కడుతుంది, వానపాములు నిలువు దారులు తవ్వుతాయి. దాంతో నీరు దిగే వేగం పెరుగుతుంది, చినుకు దెబ్బకి ఉండలు పగలవు.

తడి నేలలోకి ట్రాక్టరో పశువులో దిగకుండా చూసుకోండి. చేతిలో మట్టి తీసుకుని ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి, పొడిగా విడిపోతే దున్నొచ్చు, మైనంలా సాగితే ఆగాలి. ఈ ఒక్కటి పట్టించుకోకపోతే నాగలి అడుగున గట్టిపొర పడుతుంది, అది పడితే తీయడం చాలా కష్టం.

ఇప్పుడు వాలు సంగతి

నీటి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలు. అందుకే వాలు పొడుగునా అడ్డంకులు ఉండాలి, అవి పైనుంచి మొదలవ్వాలి. వాలు కింద ఒక పెద్ద కట్ట కట్టి అంతా ఆపేద్దాం అనుకుంటే, అక్కడికి చేరేసరికి నీటికి దూకుడు వచ్చేసి ఉంటుంది, కట్ట తెగుతుంది లేదా పూడిపోతుంది.

దున్నడమైనా, సాళ్లు తోలడమైనా, గట్టు వేయడమైనా వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి. కంటితో మట్టం చూడడం కుదరదు, కన్ను బాగా మోసం చేస్తుంది. ఏ-ఫ్రేమ్ చేసుకోండి, ఖర్చేం లేదు. ఏడడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర బిగించి, కర్రలు కలిసిన పైకొస నుంచి తాడుకి రాయి కట్టి వేలాడదీయడమే. రెండు కాళ్లూ నేల మీద ఆనిన చోట గుర్తులు పెట్టి, తాడు అడ్డకర్రని దాటే చోట గీత గీయండి. ఇప్పుడు కాళ్లు తారుమారు చేసి, అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత గీయండి. రెండు గీతలకీ సరిగ్గా మధ్యలో పెట్టిన గుర్తే మట్టం. ఇక ఒక కాలు మేకు దగ్గర ఉంచి, తాడు మట్టం గుర్తు మీదికి వచ్చేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరిపి, అక్కడ ఇంకో మేకు కొట్టుకుంటూ పోవాలి. గాలి వీచే పూట ఈ పని పెట్టుకోకండి, రాయి ఊగుతూనే ఉంటుంది.

ఆ మేకుల వరసలో గట్టు వేయొచ్చు, గడ్డి నాటొచ్చు. నన్నడిగితే తక్కువ వాలుకి వట్టివేరు లాంటి గడ్డి వరస చాలు. దాని వేళ్లు అడ్డంగా పాకకుండా నిలువుగా లోతుకి దిగుతాయి, దుబ్బులు దగ్గర దగ్గరగా నాటితే నీటిని వడకట్టి పంపుతాయి, కొట్టుకొచ్చిన మట్టి వెనక ఆగి ఏళ్లు గడిచేకొద్దీ నేల దానంతటదే మెట్టులా మారుతుంది. మట్టి గట్టు వేస్తే మాత్రం అదనపు నీరు పోవడానికి రాళ్లు పరిచిన అలుగు తప్పనిసరి. అలుగు లేని గట్టు మొదటి పెద్ద వానకే తెగి, గట్టు లేనప్పటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇప్పటికే గండి పడి ఉంటే దాంట్లో పైనుంచి కిందికి చిన్న రాతికట్టలు వేసుకుంటూ రండి. రెండు కొలతలు గుర్తుంచుకోండి. కింది కట్ట పైఅంచు, పైకట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. కట్ట మధ్యభాగం అంచులకంటే తగ్గుగా ఉండాలి, లేకపోతే నీరు పక్కల నుంచి ఒడ్డుని కోసుకుంటూ కొత్త దారి చేసుకుంటుంది. నీరు దూకే చోట కింద కూడా రాళ్లు పరవాలి.

ఇంటి దగ్గర ఇంకుడు గుంత తవ్వేవాళ్లు పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉంచండి, మరుగుదొడ్డి గుంతకి ఇంకా దూరం. గుంతలోకి మురికి నీరు, నూనె నీరు వదలొద్దు, అది తిన్నగా భూగర్భ జలంలోకే చేరుతుంది. నిటారు వాలు మీద బంకనేలలో కందకాలు తవ్వి నీరు నిలపడం కూడా ప్రమాదమే, నేల నానిపోయి చరియ జారొచ్చు.

నీరు పెట్టేటప్పుడు

ఇసుక నేలకి కొద్దికొద్దిగా తరచుగా, బంకనేలకి నెమ్మదిగా, ఎక్కువ రోజుల ఎడంతో. పైన ఎండినట్టు కనిపించగానే తడి పెట్టేయకుండా వేళ్ల లోతులో మట్టి తీసి పట్టుకు చూడండి. అతిగా పెట్టిన నీరు పోషకాల్ని కిందికి కడిగేస్తుంది, నేలకి జాలు పట్టిస్తుంది, అంటే వేళ్ల దగ్గర నీరు నిలిచిపోతుంది, అంతకంటే పెద్ద సమస్య ఉప్పు. బోరు నీటిలో ఎంతోకొంత ఉప్పు ఉంటుంది, నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు నేలలోనే మిగులుతుంది. మురుగు బయటికి పోయే దారి లేని చోట ఏళ్ల తరబడి ఇలా జరిగితే నేల పైన తెల్లగా పూస్తుంది.

పోయే మట్టి మీద మాత్రం కన్నేసి ఉంచాలి, ఎందుకంటే అది కంటికి ఆనదు. ఎకరం మీద ఒక్క మి.మీ. పొర పోయిందంటే దాదాపు 5 టన్నులు పోయినట్టు, అయినా చూడ్డానికి ఏమీ తేడా ఉండదు. ముందుగా పోయేది కూడా సన్న బంక, సేంద్రియ పదార్థం, వాటిని అంటుకున్న భాస్వరం, అంటే మీరు డబ్బు పెట్టి వేసిందే. వాలు మీద నాలుగైదు చోట్ల ఇనుప మేకులు దిగ్గొట్టి, నేల మట్టానికి పెయింటుతో గీత పెట్టి, ఏటా వానాకాలం అయ్యాక గీత ఎంత పైకి తేలిందో కొలవండి. పనులన్నీ చేశాక కూడా గీత తేలుతూనే ఉంటే వరసల మధ్య దూరం తగ్గించాలి. గట్లని వానలకి ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి నడిచి చూడండి. ఎలుక బొరియ కనిపిస్తే ఏదో ఆకో రాయో కుక్కి వదిలేయకుండా, చుట్టూ తవ్వి తడిమట్టితో పొరలు పొరలుగా కూరి దిమ్మిస చేయండి, గట్లు ఎక్కువగా తెగేది అక్కడే.