ఓడ దిగిన రోజు ఫ్లైట్ ఎన్నింటికి పెట్టుకోవాలి? ఫ్లోరిడా రేవుల లెక్క

మయామి, ఫోర్ట్ లాడర్‌డేల్, పోర్ట్ కెనావెరల్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను క్రూజ్ ఓడలో బహామాస్ చూపించడానికి తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు ఫ్లోరిడాలో ఎక్కేది సాధారణంగా ఈ మూడు రేవుల్లో ఒకదాని నుంచే. తిరుగు ఫ్లైట్ బుక్ చేసేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఒక్కటే. బుకింగ్ కాగితం మీద ‘ఓడ రాక ఉదయం 6 గంటలు’ అని ఉంటుంది, 9:30 ఫ్లైట్ చవకగా కనిపిస్తుంది, మూడున్నర గంటలు చాలవా అనిపిస్తుంది. చాలవు. ఆరు గంటలనేది ఓడను రేవులో కట్టే టైము. మీరు సూట్‌కేసుతో రోడ్డు మీదికి వచ్చే టైము వేరు.

ఓడ ఆగాక ముందు అధికారుల క్లియరెన్స్ రావాలి. ఆ తర్వాతే తలుపు తీస్తారు. మామూలు రోజున 7, 7:30 మధ్య మొదటి జనం దిగుతారు. వీళ్లు తమ సామాను తామే మోసుకుని దిగేవాళ్లు. మిగతావాళ్లు ముందు రాత్రి 10, 11 గంటలలోపు సూట్‌కేసులకు నంబరు ట్యాగు కట్టి గది బయట పెడతారు. పొద్దున ఆ నంబరు పిలిచినప్పుడు దిగి, టెర్మినల్ హాల్లో వెతికి తీసుకుంటారు. చివరి నంబర్లు పిలిచేసరికి 9:30, ఒక్కోసారి 10 అవుతుంది. ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడలో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు పడతారు. అంతమంది లిఫ్టుల ముందు నిలబడే పొద్దు అది.

లెక్క వెనక నుంచి వేయండి

ఫ్లైట్ ఎగిరే టైము నుంచి కాదు, లగేజీ కౌంటర్ మూసే టైము నుంచి. అమెరికాలో దేశీయ ఫ్లైట్లకు పెద్ద ఎయిర్‌లైన్లు సాధారణంగా 45 నిమిషాల ముందే సూట్‌కేసులు తీసుకోవడం ఆపేస్తాయి, విదేశీ ఫ్లైట్లకు గంట ముందు. తర్వాత ఎంత బతిమాలినా కంప్యూటరు ట్యాగు ఇవ్వదు.

మయామిలో దిగి, మయామి ఎయిర్‌పోర్టు నుంచి మధ్యాహ్నం 12:00 ఫ్లైట్ ఉందనుకుందాం.

11:15 – లగేజీ కౌంటర్ మూత.
10:15 – ఎయిర్‌పోర్టుకు చేరాలి. క్యూకి, సెక్యూరిటీకి ఆ గంట కావాలి. గేటు తలుపు 11:45కే వేసేస్తారు.
9:45 – కారు రేవు నుంచి కదలాలి. దూరం దాదాపు 8 మైళ్లే, కానీ అదే పొద్దున మరో మూడు నాలుగు ఓడల జనం అదే రోడ్డు మీదికి వస్తారు.
9:15 – కారు కోసం నిలబడాలి. ఉబర్ దొరకడానికి అరగంట పట్టొచ్చు, రేటూ పెరుగుతుంది.
8:30 – ఓడ మెట్లు దిగాలి. సామాను వెతకడానికి, పాస్‌పోర్ట్ చూపించడానికి 45 నిమిషాలు.

8:30కి దిగాలంటే తొలి నంబర్లలో ఉండాలి, లేదా సామాను మీరే మోసుకోవాలి. ఓడ గంట ఆలస్యమైతే ఈ లెక్కలో ఎక్కడా ఖాళీ లేదు. అందుకే మయామికి 12:00 అనేది కనీసం, ఒంటి గంట అయితే నిశ్చింత. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో రేవు పక్కనే ఎయిర్‌పోర్టు, మూడు మైళ్ల లోపే. అక్కడ అరగంట తగ్గించుకోవచ్చు. పోర్ట్ కెనావెరల్ నుంచి ఓర్లాండో ఎయిర్‌పోర్టు 45 మైళ్లు, టోల్ రోడ్డు మీద దాదాపు గంట. అక్కడ ఒంటి గంట ఫ్లైట్ కనీసం, రెండు దాటాక ఇంకా మంచిది. మయామిలో ఓడ దిగి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫ్లైట్ ఎక్కేవాళ్లు కూడా ఇదే టైము పాటించాలి. టికెట్ మీద మిగిలిన డబ్బు కారు కిరాయికి పోకుండా ముందే చూసుకోండి.

వీల్‌చెయిర్ కావాల్సినవాళ్లుంటే అన్నిటికీ మరో అరగంట కలపండి. ఓడలో దిగడానికి వీల్‌చెయిర్ సాయం గెస్ట్ సర్వీసెస్ (ఓడలోని సహాయ కౌంటర్) దగ్గర రెండు రోజుల ముందే రాయించాలి. చివరి పొద్దున అడిగితే వరసలో ఆఖరున పడతారు. ఎయిర్‌లైన్‌కు విడిగా చెప్పాలి, ఓడవాళ్లు చెప్పరు.

పాస్‌పోర్ట్ దగ్గర

ఈ రేవుల్లో కెమెరా ముఖం చూసి అమెరికా పౌరులను చాలావరకు నిమిషాల్లో పంపేస్తోంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను అధికారి కౌంటర్‌కు పంపే అవకాశం ఉంటుంది. పిల్లలు ముందు దాటేసి అటు వైపు నిలబడితే పెద్దవాళ్లు ప్రశ్నలకు తడబడతారు. కుటుంబమంతా ఒకే వరసలో వెళ్లి, ఎవరు ఎవరో మీరే చెప్పండి. భారతీయ పాస్‌పోర్టులు చేతిసంచిలో ఉండాలి. గది బయట పెట్టిన సూట్‌కేసులో పాస్‌పోర్టు ఉండిపోతే అది టెర్మినల్లో దొరికేదాకా ఏ పనీ ముందుకు సాగదు. బీపీ, షుగరు మాత్రలు, పొద్దున కట్టుకునే బట్టలు, చెప్పులు కూడా విడిగా ఉంచుకోవాలి. (రాత్రి పైజామాతోనే దిగినవాళ్లు ప్రతి ఓడలోనూ కనిపిస్తారు.)

బఫేలో తీసుకున్న అరటిపండో ఆపిలో సంచిలో వేసుకుని దిగకండి. పండ్ల వాసన పసిగట్టే కుక్కలుంటాయి. అక్కడ ఆగితే వెనకున్న లెక్కంతా తారుమారవుతుంది.

ఇంకో చిక్కు సీసాలది. ఓడలో కొన్న మద్యం సీసాలు చివరి రాత్రి చేతికిస్తారు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం సెక్యూరిటీ దాటదు కనుక అది చెక్-ఇన్ సూట్‌కేసులోనే వెళ్లాలి. చేతి సామానుతోనే తిరిగొద్దామనుకున్నవాళ్లకు ఒక్క సీసా కోసం కౌంటర్ క్యూ తప్పదు.

ఓడే ఆలస్యమైతే

పొగమంచు, గాలి, ఎవరికైనా అత్యవసర వైద్యం కోసం దారి మళ్లడం, ఏదైనా జరగొచ్చు. టెక్సాస్‌లో గాల్వెస్టన్ నుంచి ఎక్కే హ్యూస్టన్, డల్లాస్ తెలుగువాళ్లకు జనవరి నుంచి మార్చి దాకా పొగమంచే పెద్ద శత్రువు. ఓడలు రేవుకు వచ్చే కాలువ మూసేస్తే ఓడ సముద్రంలోనే గంటల తరబడి ఆగిపోతుంది. ఫ్లోరిడాలో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపాన్ల కాలం. 2024 మార్చిలో బాల్టిమోర్ వంతెన కూలినప్పుడు అక్కడికి రావాల్సిన కార్నివాల్ లెజెండ్ ఓడ వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో ఆగింది, ప్రయాణికులను బస్సుల్లో బాల్టిమోర్‌కు తెచ్చారు. అలాంటి రోజున ఏ లెక్కా పనిచేయదు, టికెట్ రకం ఒక్కటే పనిచేస్తుంది. బేసిక్ ఎకానమీ (సాధారణంగా మార్పులకు వీలుండని చవక టికెట్) కొనకండి. ఆ ఊరికి ఆ రోజుకు ఆఖరి ఫ్లైట్ కూడా వద్దు, అది తప్పితే హోటలే గతి. వెనక ఇంకో ఫ్లైట్ ఉన్న టైము చూసి కొనండి.

రేవు నుంచి ఎయిర్‌పోర్టుకు క్రూజ్ కంపెనీ అమ్మే ట్రాన్స్‌ఫర్ బస్సు ఖరీదెక్కువ, నెమ్మది కూడా. కాని పోర్ట్ కెనావెరల్‌లో నలుగురు పెద్దవాళ్లతో ఆరు సూట్‌కేసులతో దిగేవాళ్లకు అదే నయం.

మరీ ఆలస్యంగా పెట్టుకున్నా తిప్పలే

మయామి నుంచి దోహా, దుబాయ్ మీదుగా హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఫ్లైట్ సాయంత్రమో రాత్రో ఉంటుంది. టైము బోలెడు, అయితే విదేశీ ఎయిర్‌లైన్ కౌంటర్లు ఫ్లైట్‌కు మూడు నాలుగు గంటల ముందుగానీ తెరవవు. పది గంటలకే వెళ్తే 23 కిలోల పెట్టెలు పక్కన పెట్టుకుని కుర్చీల కోసం వెతుక్కోవడమే. ఓడలోనే అమ్మే చివరి రోజు టూరు ఒకటుంటుంది. సామాను బస్సులోనే ఉంచి, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల లాంటిదేదో చూపించి ఎయిర్‌పోర్టులో దింపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టూరు కన్నా ఎయిర్‌పోర్టు దగ్గర పగటికి ఇచ్చే హోటల్ గది మేలు.

గడియారం

ఓడ గడియారానికీ మీ ఫోనుకూ తేడా ఉండొచ్చు, ముఖ్యంగా మెక్సికో వైపు వెళ్లొస్తే. చివరి రాత్రి ఓడ టైమునే నమ్మండి. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున అమెరికా గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఆ ఆదివారమే మీ ఓడ వస్తుంటే ఒక గంట నిద్ర, ఒక గంట లెక్క రెండూ పోతాయి. టికెట్ కొనే ముందే క్యాలెండరు చూడండి.

ఓడ ఆలస్యమని తెలిసిన వెంటనే ఎయిర్‌లైన్ యాప్‌లో ఫ్లైట్ మార్చండి. ఎగిరే టైము దాటేదాకా ఆగితే ‘రాలేదు’ అని రాసేస్తారు, టికెట్ విలువ పోతుంది. రేవు దగ్గరపడితే తీరం సిగ్నల్ వస్తుంది. అంతకు ముందు ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి ఓడ వైఫై వాడండి, లేకపోతే ఓడ సెల్ టవర్ బిల్లు టికెట్ మార్పు కన్నా ఎక్కువవుతుంది.