ఏజెడ్-140 ల్యాబ్‌లో ప్రొఫైల్ కంటైనర్ ఎక్కకపోతే: నా అనుభవం

పర్లాకిమిడి, గుణుపురం నుంచి ఏజెడ్-140 (అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ మీద మైక్రోసాఫ్ట్ పెట్టే సర్టిఫికేషన్) పరీక్షకి చదువుతున్న మనవాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ ల్యాబ్‌లో యూజర్ లాగిన్ అవుతాడు, డెస్క్‌టాప్ వస్తుంది, కానీ నెట్‌వర్క్ షేర్‌లో వీహెచ్‌డీఎక్స్ ఫైలు (యూజర్ ప్రొఫైల్‌ని దాచే వర్చువల్ డిస్క్, అదే ప్రొఫైల్ కంటైనర్) మాత్రం పుట్టదు. షేర్ పర్మిషన్లు మార్చాను, ఆ కంటైనర్‌ని నడిపే ఎఫ్ఎస్‌లాజిక్స్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, వీఎం (వర్చువల్ మెషిన్) రీస్టార్ట్ చేశాను, లాభం లేదు.

చివరికి అడ్మిన్‌గా లాగిన్ అయి సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, ఎఫ్ఎస్‌లాజిక్స్, లాగ్స్, ప్రొఫైల్ వరుసలో ఫోల్డర్లు తెరిచా. ఆ యూజర్‌కి లోకల్ ప్రొఫైల్ (వీఎంలోనే ఉండే ప్రొఫైల్) ముందే ఉందని లాగ్‌లో కనిపించింది. అది ఉంటే ఎఫ్ఎస్‌లాజిక్స్ మామూలుగా కంటైనర్ జోలికి పోదు. ముందు యూజర్‌ని పూర్తిగా సైన్ అవుట్ చేయించా, డిస్కనెక్ట్ సరిపోదు. తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, యూజర్ ప్రొఫైల్స్ దగ్గర ఆ ప్రొఫైల్ తీసేశా. (ఫోల్డర్ ఒక్కటే డిలీట్ చేస్తే విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో జాడ మిగిలిపోతుంది, అదో కొత్త తలనొప్పి.) రిజిస్ట్రీలో ఎఫ్ఎస్‌లాజిక్స్ దగ్గర ఎనేబుల్డ్ విలువ 1 ఉందా, వీహెచ్‌డీ లొకేషన్స్‌లో షేర్ పాత్ సరిగ్గా ఉందా చూసుకుని మళ్లీ లాగిన్ చేయించా. ఎస్ఐడీ (విండోస్‌లో యూజర్ గుర్తింపు కోడ్), అండర్‌స్కోర్, యూజర్ పేరు కలిపిన ఫోల్డర్, అందులో వీహెచ్‌డీఎక్స్ ప్రత్యక్షం!

ఆ లోకల్ ప్రొఫైల్‌ని దానంతటదే తీసేసే రిజిస్ట్రీ సెట్టింగ్ కూడా ఉంది. ల్యాబ్‌లో పర్వాలేదు గానీ ఆఫీసులో ఆలోచించి పెట్టండి, పోయిన డేటా తిరిగి రాదు. మీ లాగ్‌లో యాక్సెస్ డినైడ్ అని ఉంటే మాత్రం ఇది పనిచేయకపోవచ్చు, పర్మిషన్ల దగ్గరే వెతకాలి.