బండి వెనక సీటుకు ఆనుకునే బార్ చేయించుకోవడం ఎలా?

మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. చీమకుర్తి నుంచి ఒంగోలు పోతుంటే, గ్రానైట్ లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడల్లా నా చొక్కా గట్టిగా పట్టుకునేవాడు. అందుకని ఆనుకోవడానికి బార్ చేయించాను. మూడు వారాలకే ఊడొచ్చింది. పైపు చెక్కుచెదరలేదు, పల్చటి క్యారియర్ పట్టీకి అతికించిన చోట తెగింది. రెండోది ఇలా చేశాం.

ముందు కొలతలు. సెంటర్ స్టాండ్ వేసి, ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే, మీరూ వెనక మనిషీ మామూలుగా కూర్చోండి. ప్యాడ్ నడుముకు ఆనాలి, వీపుకీ దానికీ మధ్య రెండు వేళ్ల సందు చాలు. బార్ మరీ ఎత్తయితే కాలు తిప్పి ఎక్కడం కష్టం. మా అమ్మ పక్కకి కూర్చుంటుంది, ఆమెకు ప్యాడ్ మూల డొక్కలో గుచ్చుకుంది. మూలలు గుండ్రంగా ఉండాలని అప్పుడు తెలిసింది.

సీటు తీస్తే, వెనక మనిషి పట్టుకునే గ్రాబ్ రైల్‌ను ఛాసిస్‌కు బిగించిన బోల్టులు కనిపిస్తాయి. బార్ కాళ్లు అక్కడికే రావాలి. ఎందుకంటే, 30 సెం.మీ. ఎత్తులో 40 కిలోల బరువుతో ఆనుకుంటే, 15 సెం.మీ. ఎడంగా ఉన్న ముందు, వెనక బోల్టుల మీద ఆ తోపు 80 కిలోలవుతుంది. అది గతుకులు లేనప్పటి లెక్క! గ్రాబ్ రైల్‌ను మాత్రం పీకేయొద్దు. వెనక మనిషికి పట్టుకునే పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది.

అట్టముక్కతో కాళ్ల ఆకారం, తీగతో బార్ వంపు తయారుచేసుకుని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లండి. కాళ్లకు 5 మి.మీ. పట్టీ, బార్‌కు ముప్పావు అంగుళం ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) పైపు, 2 మి.మీ. మందంది. జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపు వద్దు, వెల్డింగ్‌లో జింక్ పొగ వస్తుంది. పైపును బెండర్ మీదే వంచమనండి, లేకపోతే వంపులో నొక్కుకుపోతుంది.

ముందు వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టించి, బండి మీద పెట్టి చూసుకోండి. టెయిల్ లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడాలి. కుదిరాక విప్పి, పూర్తి వెల్డింగ్ బండికి దూరంగా చేయించండి. పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వలతో ఆటలొద్దు.

తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్, దానిపైన రంగు రెండు పూతలు. కొత్తపట్నం వైపు తిరిగే బండైతే అతుకుల లోపలిదాకా రంగు పోవాలి, ఉప్పుగాలి అక్కడే తింటుంది. ప్యాడ్‌కు చెక్క, ఫోమ్, పైన రెగ్జిన్. సీటు కవర్లు కుట్టేవాళ్లు చేసిస్తారు.

పాత బోల్టులే వాడితే పట్టీ మందం మేర బోల్టు లోపలికి తక్కువ దిగుతుంది. 5 మి.మీ. పొడవైనవి తెచ్చి, వాషర్లతో బిగించండి. వెనక నిలబడి బలంగా లాగి చూడండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్పానర్ వేయండి. నాకు ఎడమవైపు రెండూ పావు చుట్టు తిరిగాయి.