పచ్చబొట్టు పొడిచే చేతిని ముందు చూడండి

సంక్రాంతి వెళ్లిందంటే ఉగాది దాకా ఎక్కడో ఒకచోట జాతరో తిరునాళ్లో జరుగుతూనే ఉంటుంది. గాజుల కొట్లకూ బొమ్మల కొట్లకూ మధ్య చిన్న మిషను పెట్టుకుని, పక్కన నమూనాల అట్ట నిలబెట్టి పచ్చబొట్లు పొడిచేవారు కనిపిస్తారు. స్నేహితులంతా ఉన్నారు, ధర తక్కువ, పది నిమిషాల పని. అక్కడే కూర్చోవాలని మనసు లాగుతుంది. అక్కడ మాత్రం వద్దనే చెబుతాను. ఆ మనిషికి పనితనం లేదని కాదు, ఆ రద్దీలో శుభ్రత సాధ్యం కాదని.

సూది కొత్తదా అని అడిగి, అవునంటే సరిపెట్టుకుంటారు చాలామంది. సూది కొత్తదే కావచ్చు. రంగు ఎక్కడి నుంచి వస్తోంది? ముందు కూర్చున్నవారికి సూది ముంచిన గిన్నెలోనే మీకూ ముంచితే కొత్త సూది వల్ల ఒరిగేదేమీ లేదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ భయాలూ ఇలాంటి చోటే మొదలవుతాయి. స్పిరిట్‌తో తుడవడం, వేడినీళ్లలో ముంచి తీయడం సూక్ష్మజీవులను పూర్తిగా చంపే పద్ధతులు కావు. మళ్లీ మళ్లీ వాడే లోహపు పనిముట్లను ఆటోక్లేవ్‌లో, ఒత్తిడితో కూడిన 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి.

అందుకే పచ్చబొట్ల స్టూడియోకు మొదటిసారి వెళ్లినప్పుడు పొడిపించుకోకండి. ఊరికే కూర్చుని, ఇంకొకరికి వేస్తుంటే చూడండి. సీలు వేసిన ప్యాకెట్‌ను మనిషి ఎదుటే చించుతున్నారా, రంగును చిన్న మూతల్లో కొద్దికొద్దిగా పోసి మిగిలింది పారేస్తున్నారా, వాడిన సూది గట్టి డబ్బాలో పడుతోందా అన్నవి చూడాలి. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది గ్లౌజులు. మధ్యలో ఫోను మోగుతుంది. అదే గ్లౌజుతో ఫోను తీసి, మాట్లాడి, మళ్లీ మిషను పట్టుకుంటే ఇక లేచి వచ్చేయండి. గోడమీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడుతున్నా సరే. రంగును పలచన చేయడానికి ఏ నీళ్లు వాడతారో కూడా అడగండి. 2011-12లో అమెరికాలోని రోచెస్టర్‌లో కలుషితమైన బూడిదరంగు సిరా వల్ల 19 మందికి మొండి చర్మవ్యాధి సోకింది. సూదులు కాదు, సిరానే కారణం. కుళాయి నీళ్లని జవాబు వస్తే అక్కడ వద్దు.

పనితనం సంగతికి వస్తే, అప్పుడే వేసిన పచ్చబొట్టు ఫొటోలో అందంగానే ఉంటుంది. గీతల చుట్టూ ఎర్రదనం కనిపిస్తే అది ఆ రోజు తీసిన ఫొటో అని గుర్తు. నెలలు గడిచి పూర్తిగా మానాక తీసినవి చూపించమనండి. చూపించలేనివారి దగ్గర ఆగడం దేనికి?

తెలుగు అక్షరాలు వేయించుకునేవారు ఇంకాస్త జాగ్రత్తపడాలి. వేసేవారికి తెలుగు రాకపోతే బొమ్మను చూసి గీసినట్టు గీస్తారు. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంటుంది. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఉన్న చిన్న గీత. అక్షరం మరీ చిన్నదైతే కొన్నేళ్లకు సిరా పాకి ఆ తేడా చెరిగిపోతుంది. స్టెన్సిల్, అంటే గీతల నమూనా కాగితం, చర్మం మీద అంటించాక, సూది తగలకముందే తెలుగు చదివే ఇంకొకరితో గట్టిగా చదివించండి.

పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారవుతున్నవారు నోటిఫికేషన్ చదవకుండా స్టూడియో మెట్లు ఎక్కకండి. కేంద్ర సాయుధ బలగాల వైద్యపరీక్షలో సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలివైపు, లేదా అరచేతి వెనుకభాగాన మాత్రమే, అదీ ఆ అవయవ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉంటేనే అనుమతిస్తారు. తర్వాత లేజరుతో తీసేయవచ్చులే అనుకోవద్దు. నలుపు కొంత సులువుగా పోతుంది కానీ ఆకుపచ్చ, పసుపు రంగులు మొండికేస్తాయి. వారాల తేడాతో చాలాసార్లు తిరగాలి.

చిన్న గాయానికే మచ్చ ఉబ్బెత్తుగా లేచేవారు, మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ముందు డాక్టరును అడగాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి కావడానికి 6 నెలలు పడుతుంది కాబట్టి వచ్చే జాతర నాటికి కావాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి. వేయించుకున్నాక 12 నెలలు రక్తదానం చేయకూడదు.

ఇంటికొచ్చాక పెద్దవాళ్లు పసుపు రాయమంటారు. వద్దని మెల్లగా చెప్పండి. తేలికపాటి సబ్బు, శుభ్రమైన నీళ్లు, స్టూడియోవారు చెప్పిన పూత చాలు. రెండు మూడు వారాలు చెరువు స్నానాలూ ఈతా మానేయండి, పెచ్చులు గిల్లకండి. మొదటి రెండు రోజుల మంట, కాస్త వాపు మామూలే. తగ్గాల్సిన ఎర్రదనం పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా స్టూడియోకు ఫోను చేస్తూ కూర్చోకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి.