సొంత వేషధారణను ధైర్యంగా ఏర్పరచుకోవడం ఎలా?

ఆల్టర్నేటివ్ ఫ్యాషన్ అంటే ఆ ఏడాది అంగళ్ళలో వేలాడే దుస్తులను పక్కన పెట్టి, తనకు నచ్చిన రంగును, ఆకారాన్ని, అలంకరణను పట్టుకొని తీర్చిదిద్దుకొనే వేషధారణ. 1970ల మధ్యలో లండన్ కింగ్స్ రోడ్డులో వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్లారెన్ నడిపిన దుకాణం చుట్టూ పెరిగిన పంక్, 1982లో అదే నగరంలో తెరిచిన బ్యాట్‌కేవ్ క్లబ్బుతో పేరు తెచ్చుకున్న, నల్లని దుస్తుల గాథ్, టోక్యోలోని హరాజుకు వీధుల్లో కుచ్చుల గౌన్లతో కనిపించే లోలిటా ఇందులో బాగా తెలిసినవి. వీటిని ఒడిశాలోని బరంపురంలోనో, రాయగడలోనో, పర్లాకిమిడిలోనో ఉండి ఫోనులో చూసే మన తెలుగు యువతకు రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది ఎండ, ఉక్క. తోలు జాకెట్టు తొడుక్కొని వైశాఖమాసంలో బరంపురం బజారులో తిరగడం అయ్యే పని కాదు. రెండవది చూపులు, వీధిలో సగం మంది మనల్ని ఫలానావారి పిల్లలమని ఎరిగిన ఊళ్ళో కొత్త వేషంతో గడప దాటాలంటే గుండె దడదడలాడుతుంది. ధైర్యం వచ్చాక మారుదామని చాలామంది ఆగిపోతారు గాని, నా ఉద్దేశంలో ఆ వరుస తలకిందులు. ఒంటికి అలవాటైన బట్టే ధైర్యాన్ని తెస్తుంది కాబట్టి, చిన్నగా మొదలుపెట్టి అలవాటయ్యేదాకా వేసుకోవడమే సరైన పద్ధతి.

1. నచ్చినదేమిటో తేల్చుకోండి

రెండు మూడు వారాలపాటు కంటికి నచ్చిన ప్రతి చిత్రాన్నీ ఫోనులో ఒకచోట దాచుకోండి. అది విదేశీ గాయకుడి కోటు కావచ్చు, పాత పెళ్ళిఫోటోలో నాయనమ్మ తొడుక్కున్న పొడుగుచేతుల జాకెట్టు కావచ్చు. తరువాత వాటన్నిటినీ వరుసగా చూసి, మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్న అంశాలను కాగితంమీద రాయండి. "గాథ్" అని రాసుకుంటే మీకూ ఉపయోగం లేదు, దర్జీకీ ఉపయోగం లేదు. "నలుపు, మెడను అంటిపెట్టుకొనే కాలరు, మోకాలి కిందికి జారే ఘేరా, బరువైన వెండి" అని రాసుకుంటే పని మొదలవుతుంది.

2. బీరువాలో ఉన్నవాటికి రంగు మార్చండి

పంక్ వేషమంతా పాత బట్టలను చింపి, పిన్నీసులు గుచ్చి, ఇంట్లోనే మార్చుకోవడంతో పెరిగిందే కాబట్టి, ఆన్‌లైన్‌లో ఖరీదైన దుస్తులు తెప్పించుకోవడం కంటె ఉన్నవాటిని మార్చడమే ఆ సంప్రదాయానికి దగ్గర. ముందుగా బట్ట నూలుదో కాదో చూడాలి. లోపలి మడతనుంచి ఒక పోగు లాగి, నీళ్ళ గిన్నె దగ్గర పెట్టుకొని, పట్టకారుతో పట్టి వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది నూలు. కరిగి గట్టి పూసలాగా ముద్దకడితే పాలిస్టరు. ఇంట్లో వేసే మామూలు రంగులు పాలిస్టరుకు పట్టవు.

రంగుల దుకాణాల్లో ఉప్పు వేసి మరిగించే రంగులు దొరుకుతాయి. అవి తేలికే గాని ఉతుకు ఉతుకుకూ వెలుస్తాయి. బట్టల సోడాతో పట్టించే రియాక్టివ్ రంగులు నిలుస్తాయి, ఎందుకంటే సోడా క్షారగుణం వల్ల రంగు నూలుపోగుతో రసాయనికంగా ముడిపడుతుంది. తినే సోడా ఇందుకు సరిగా పనికిరాదు. గంజి పూర్తిగా పోయేలా బట్టను ఉతికి, తడిగా ఉండగానే రంగునీళ్ళలో ముంచి, పొట్లంమీద రాసిన కొలతల ప్రకారం ముందు ఉప్పు, తరువాత సోడా కలుపుతూ, మచ్చలు పడకుండా చెయ్యి ఆపక తిప్పుతూ ఉండాలి. నలుపుకు మిగిలిన రంగులకంటె ఎక్కువ పొడి పడుతుంది. పొదుపు చేస్తే బూడిదరంగు తేలుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, వంటకు మళ్ళీ వాడని బకెట్టు తప్పనిసరి. కుట్టుదారం పాలిస్టరుది అయితే బట్ట నల్లబడినా కుట్లు తెల్లగానే మిగులుతాయి. దాన్ని లోపంగా ఎంచి బాధపడనక్కరలేదు. చొక్కాకు అది చక్కని గీతలాగా అమరుతుంది.

3. దర్జీని మచ్చిక చేసుకోండి

మన ఊళ్ళలో ఉన్న గొప్ప సౌకర్యం వీధికొక దర్జీ ఉండటం. పెద్ద నగరాల్లో కుట్టుకూలి ఎక్కువై చాలామంది రెడీమేడ్‌కు సర్దుకుపోతుంటే, ఇక్కడ మీ కొలతకు మీ ఊహను కుట్టించుకోవడం ఇంకా అందుబాటులోనే ఉంది. దసరాకు ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో వెళ్ళి వింత కాలరు గురించి వివరిస్తే ఎవరికీ వినే తీరిక ఉండదు. పని పలచగా ఉన్న నెలల్లో వెళ్ళండి. ఫోనులో ఫోటో ఒక్కటే చూపించి ఊరుకోకుండా, మీకు సరిగ్గా అమరిన పాత చొక్కానో కుర్తానో నమూనాగా ఇచ్చి, మార్పులను బొమ్మ గీసి, పక్కన అంగుళాలు రాసి ఇవ్వండి. మొదటిసారి చవక నూలుగుడ్డతో కుట్టించి, వేసుకొని చేతులెత్తి, కూర్చొని, స్కూటరెక్కి చూసుకొన్నాకనే మంచి గుడ్డ ఇవ్వాలి. కుట్టు లోపల కొంత గుడ్డ వదలమని చెబితే తరువాత వదులు చేసుకోవడానికి వీలుంటుంది. మొదట దర్జీ ముఖం చిట్లించవచ్చు. "ఇలా ఎవరూ కుట్టించుకోరండీ" అన్న మాట విని వెనక్కి రాకండి. మర్యాదగా అడిగి, ఒప్పుకున్న కూలి వెంటనే ఇచ్చే గిరాకీ వింత కోరికను ఏ దర్జీ అయినా రెండోసారి ఆసక్తిగానే వింటాడు.

4. చుట్టుపక్కల దొరికేవాటిని కలుపుకోండి

ముదురు రంగులు కోరేవారికి కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత కంటె తగినది నాకు కనిపించదు. ఆల్ చెట్టు వేళ్ళ బెరడుతో నూలుకు ఇటుకరంగునుంచి కాఫీరంగుదాకా పట్టిస్తారు. పీత, శంఖం, చేప, గొడ్డలి వంటి బొమ్మలు నేతలోనే తేలుతాయి. 2005లో దానికి ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అక్కడి నేతకారుడు గోవర్ధన్ పాణికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. నల్ల చొక్కామీద ఆ ఉత్తరీయం ఒక్కటి వేసుకున్నా వేషం నిండుగా కనిపిస్తుంది, నూలు కాబట్టి చెమటను పీల్చుకుంటుంది కూడా. అమ్మ పెట్టెలో చిరుగుపట్టిన బరంపురం పట్టుచీర ఉంటే, గుడి గోపురాల్లాంటి బొమ్మలున్న దాని అంచు కోటు చేతులకు, కాలరుకు సరిపోతుంది. అడగకుండా మాత్రం కత్తెర వేయకండి. పర్లాకిమిడి కొమ్ముపని దువ్వెనలు, పతకాలు కూడా ఈ వేషాలకు నప్పుతాయి.

ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. నియమగిరి కొండల్లోని డొంగ్రియా కోందు గిరిజనులు చేత్తో బొమ్మలు కుట్టే కప్డాగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కుట్టులోని ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గీతలకు వారి నమ్మకాల్లో అర్థాలున్నాయి. నచ్చితే కుట్టినవారికే సొమ్ము చేరేలా కొనుక్కొని శాలువాగా కప్పుకోండి. ముక్కలు చేసి జాకెట్టుకు అతికించడం నాకు సమ్మతం కాదు.

5. మెట్టుమెట్టుగా బయటికి రండి

మొదట ఇంట్లో ఒక సాయంత్రమంతా వేసుకొని, వంట, చదువు, ఫోను మాటలు అన్నీ అందులోనే కానివ్వండి. తరువాత మామూలు దుస్తులకు ఒక్క కొత్త వస్తువు చేర్చి కూరగాయల బజారుకు వెళ్ళండి. అదే వస్తువును వారంలో పలుమార్లు వేసుకుంటే చూసేవారికి అది మీ గుర్తుగా మారిపోతుంది, అప్పుడు రెండవది చేర్చవచ్చు. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో ఒళ్ళంతా పసుపు నలుపు చారలు పూసుకొని పులివేషగాళ్ళు వీధులు తిరుగుతుంటే దండం పెట్టేవారే తప్ప వింతగా చూసేవారుండరు. ఊరి కన్నుకు అలవాటు పడే శక్తి ఉందనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు, కాకపోతే జాతరకున్న దైవబలం మన నల్ల చొక్కాకు లేదు గనుక కొంచెం ఎక్కువ కాలం పడుతుంది.

ఇంట్లోవారితో వాదం పెట్టుకోకండి. "శుభమా అని పెళ్ళికి వెళుతూ ఆ నల్లబట్టలేమిటే?" అని పిన్ని అడిగితే, ఆ ఒక్క రోజుకు నలుపు మాని కోట్‌పాడ్ ముదురెరుపులోకి మారితే మీ శైలీ నిలుస్తుంది, ఆవిడ మాటా నిలుస్తుంది. చూపులు వేరు, వేధింపు వేరు. గాథ్ వేషంలో ఉన్నందుకు దాడికి గురైన సోఫీ లాంకాస్టర్ 2007లో ఇంగ్లండులో మరణించింది. అటువంటి దాడులను ద్వేషపూరిత నేరాలుగా నమోదు చేయడం గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు 2013లో ప్రారంభించారు. కాబట్టి పూర్తి వేషంతో రాత్రిపూట రైల్వే స్టేషనుకో, జాతర రద్దీకో వెళ్ళేటప్పుడు తోడు ఉంచుకోండి. ఎవరైనా వెంబడిస్తే సంకోచించకుండా 112కు ఫోను చేయండి.

6. ఒంటికి సంబంధించినవి చివరికి ఉంచుకోండి

బట్ట నచ్చకపోతే విప్పేయవచ్చు, చెవికి పడిన రంధ్రం అంత తేలికగా పోదు. చెవితమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు గాని, పైభాగంలోని మృదులాస్థికి ఆరు నెలలనుంచి ఏడాది పట్టవచ్చు; అక్కడ చెవులు కుట్టే గన్నుతో కాక కొత్త సూదితోనే కుట్టించుకోవాలి. జుట్టు రంగును వాడేముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి, దురద పుడితే మానేయండి. విడిగా అమ్మే సుర్మాలో సీసం ఉండే ప్రమాదముంది. కళ్ళకు దట్టంగా నలుపు దిద్దాలనుకుంటే తయారీదారు పేరు, దినుసుల పట్టిక ఉన్న కాటుకనే కొనండి, పడుకొనే ముందు కొబ్బరినూనె అద్దిన దూదితో తుడిచేయండి.