పెళ్లిళ్ల సీజన్‌లో పస్తుల డైటింగ్ చేస్తున్నారా?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే చాలు, మా కోనసీమలో డైటింగులు మొదలవుతాయి. నిరుడు మా వదిన పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం గ్లాసు మజ్జిగ, రాత్రి జామకాయతో మూడు వారాలు నెట్టుకొచ్చింది. బరువు తగ్గింది, కాదనను. కానీ కాలవ రేవు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టే.

రోజుకి 800 క్యాలరీలు, అంతకంటే తక్కువ తిండి అనేది డాక్టరు పర్యవేక్షణలో చేయించే పద్ధతి. అదీ బాగా ఊబకాయం ఉన్నవాళ్లకి, కొన్ని వారాలే. సొంతంగా చేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ జోలికే పోవద్దు, షుగర్ బాగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే వద్దు.

మామూలుగా ఆడవాళ్లు 1,200, మగవాళ్లు 1,500 క్యాలరీల కిందికి సొంతంగా దిగకపోవడం మంచిది. రోజూ తినేదాంట్లో ఓ 500 తగ్గిస్తే మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గొచ్చు. ఆ 500 మన కంచంలోనే ఉంది: 100 గ్రాముల అన్నం సుమారు 130 క్యాలరీలు. మారన్నం మానేస్తే సగం పని అయినట్టే. చేపల పులుసు మానకండి, ఇంకో ముక్క వేసుకోండి. వేపుళ్లు తగ్గించండి. పూతరేకులంటారా, ఆదివారం ఒకటి. నేనైతే మానలేను మరి!